అమ్మాక బాధపడేది ఏ కార్ల గురించి? మీ ఎస్2000 అమ్మాలా, ఉంచుకోవాలా?

మీరు రాసింది ఇదీ: 2002 నాటి హోండా ఎస్2000, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, ఏ మార్పులూ చేయలేదు. త్వరలో ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది. బండికి రెండే సీట్లు, గ్యారేజీలో ఒక్క కారుకే చోటు. దానికి తోడు క్లచ్ పోయే దశలో ఉంది, పైన గుడ్డ టాపు చిరిగింది. అమ్మేద్దామంటే తెలిసినవాళ్లంతా "తర్వాత జీవితాంతం బాధపడతావ్" అంటున్నారు. జనం నిజంగా ఏ కార్లు అమ్ముకుని బాధపడతారు, మీరు అమ్మాలా వద్దా అని మీ ప్రశ్న.

పాత కార్లు బాగుచేయడం, కొనబోయేవాళ్ల తరఫున వెళ్లి బండి చూసి చెప్పడం నా పని. నేను బండి కింద లైటు పట్టుకుని తుప్పు వెతుకుతుంటే పక్కన నిలబడ్డ మనిషి ఏదో ఒక పాత కారు ఊసు తప్పకుండా ఎత్తుతాడు. "అప్పట్లో నాకూ ఒకటుండేది, అమ్మేశాను" అని. ఆ మాట విని విని ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

ముందు పేర్లు. అందరూ చెప్పేవి మీరూ వినే ఉంటారు. పోర్షే 911లో గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి తరం 993, అది 1998లో ఆగిపోయింది. నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్. టొయోటా సుప్రాలో 2జేజెడ్ టర్బో ఇంజిన్ ఉన్న ఏ80. బీఎండబ్ల్యూ మొట్టమొదటి ఎం3, అంటే ఈ30. 1983 నుంచి 1987 దాకా వచ్చిన చిన్న టొయోటా ఏఈ86. ఇవన్నీ ఒక దశలో మామూలు సెకండ్ హ్యాండ్ బండ్ల ధరకే చేతులు మారినవి. ఇప్పుడు ధర వింటే అమ్మినవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

నా చెవిన ఎక్కువగా పడే పేర్లు మాత్రం వేరు. వోల్వో 240. మెర్సిడెస్ డబ్ల్యూ123 డీజిల్. నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉన్న పాత జీప్ చెరోకీ ఎక్స్‌జే. ఇవేం అరుదైన బండ్లు కావు. 240ని 1974 నుంచి 1993 దాకా దాదాపు 28 లక్షలు తయారుచేశారు. డబ్ల్యూ123లు కూడా సుమారు 27 లక్షలు వచ్చాయి. వీటిని అమ్ముకున్నవాళ్లు డబ్బు సంగతే ఎత్తరు. "దాని తర్వాత కొన్న ఏ కారూ అంత నమ్మకంగా నడవలేదు" అంటారు. "బానెట్ ఎత్తితే అన్నీ కనబడేవి, నా చేత్తో నేనే రిపేరు చేసుకునేవాణ్ణి" అంటారు. మ్యాగజైన్లలో వీటి మీద పెద్దగా కథనాలు రావు, ఎందుకంటే వేలంలో రికార్డు ధరలు పలికే బండ్లు కావు ఇవి.

ధర చూసి ఏడవడం వేరు, బండి లేక ఏడవడం వేరు. మీ స్నేహితులు ఈ రెండింటినీ కలిపేసి మిమ్మల్ని భయపెడుతున్నారు.

ధర చూసి పడే బాధలో లెక్క సగమే ఉంటుంది. ఒకాయన 100కి అమ్మిన కారు 15 ఏళ్ల తర్వాత 300 పలుకుతోందనుకుందాం. మూడింతలైందని గుండెలు బాదుకుంటాడు. ఆ 15 ఏళ్లూ బండిని ఉంచుకుని ఉంటే ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు, చోటుకు అద్దె కలిపి ఏడాదికి 4 చొప్పున అయ్యేదనుకోండి. నిజానికి ఇది తక్కువే వేశాను. అమ్మగా వచ్చిన 100ని, ఏటా మిగిలిన ఆ 4ని 5 శాతం వడ్డీకి వేసుకుంటే 15 ఏళ్లకు మొదటిది 208, రెండోది 86 అవుతాయి. మొత్తం 294. అంటే "మూడింతలైన" కారుకూ, బ్యాంకులో కదలకుండా పడి ఉన్న డబ్బుకూ తేడా 6. అది కూడా ఆ 15 ఏళ్లలో ఒక్క యాక్సిడెంటు జరగకుండా, ఇంజిన్ విప్పకుండా, ఎక్కువ తిప్పకుండా ఉంటేనే. తిప్పకుండా దాచిన కారు కాబట్టే కదా 300 పలికింది. మీరైతే తిప్పేవాళ్లు.

పైగా ఆ పెరుగుదల ముందే ఊహించగలిగేది కాదు. ఆర్32 జీటీ-ఆర్ సంగతే చూడండి. అది 1989లో వచ్చింది. అమెరికాలో ఒక నియమం ఉంది, తయారై 25 ఏళ్లు నిండిన విదేశీ కారును అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోకపోయినా దిగుమతి చేసుకోవచ్చు. దాంతో 2014 నుంచి ఆ బండ్లు అమెరికాకు వెళ్లడం మొదలైంది. వీడియో గేముల్లో మాత్రమే దాన్ని నడిపిన తరం చేతిలోకి సరిగ్గా అప్పటికే డబ్బు వచ్చింది. ఒక పెద్ద దేశపు కొనుగోలుదారులు ఒక్కసారిగా మార్కెట్లోకి దిగితే ధర ఎక్కడ నిలుస్తుంది? అంతకు పదేళ్ల ముందు ఆ బండి అమ్మినవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? తెలియలేదని తనను తాను తిట్టుకోవడంలో అర్థం లేదు.

ఇక బండి లేక పడే బాధ. ఇది నిజమైనది. ఇందులో నేను చూసేది ఒక్కటే: దాని చోటును నింపే కారు ఇవాళ దొరుకుతుందా?

మాజ్డా ఎంఎక్స్-5 అమ్మినవాళ్లను చూడండి. 1989లో మొదలైన ఆ కారు ఇప్పటికీ వస్తోంది. 2016 నాటికే పది లక్షలు దాటాయి. ఇప్పటి నాలుగో తరం కూడా టన్ను అటూ ఇటూ బరువుతో, మాన్యువల్ గేర్లతో దొరుకుతుంది. అది అమ్మి బాధపడితే వెళ్లి ఇంకోటి కొనుక్కోవచ్చు. వెలితి ఉంటుంది గానీ మందు కూడా ఉంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ అమ్మినవాడి పరిస్థితి అలా కాదు. 2016 జనవరిలో ఇంగ్లండ్‌లోని సోలిహల్ ఫ్యాక్టరీలో ఆ వరుస ఆగిపోయింది. తర్వాత అదే పేరుతో వచ్చింది మంచి కారే, కాదనను, కానీ ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టి నట్లు బిగించిన ఆ పాత నిర్మాణం దీనిలో లేదు. పేరొక్కటే పాతది.

కంపెనీలు వదిలేసిన ఒక్కో పద్ధతితో పాటు ఒక్కో విడత బాధితులు తయారవుతారు. గాలితో చల్లబడే ఇంజిన్లు పోయినప్పుడు ఒక విడత. 2011లో వచ్చిన 991 తరంతో 911లో హైడ్రాలిక్ స్టీరింగ్ పోయి ఎలక్ట్రిక్ వచ్చినప్పుడు ఇంకో విడత. టర్బో లేకుండా ఎక్కడో పైన నిమిషానికి 8,000 తిరుగుళ్ల దగ్గర బలం చూపించే ఇంజిన్లు పోతుంటే మరొకటి. ఒక్కోసారి కంపెనీలే నాలుక కరుచుకుంటాయి. పోర్షే 2013లో తెచ్చిన 911 జీటీ3లో మాన్యువల్ గేర్లు అసలు ఇవ్వలేదు. అభిమానులు గొడవ చేశారు. 2016లో మాన్యువల్‌తో మాత్రమే 911 ఆర్ అని మొత్తం 991 బండ్లే చేస్తే, వాటి సెకండ్ హ్యాండ్ ధర షోరూమ్ ధరను ఎన్నో రెట్లు దాటిపోయింది. మరుసటి ఏడాది జీటీ3లోకి మాన్యువల్ తిరిగి వచ్చింది. అలా తిరిగిరావడం చాలా అరుదు, దాని మీద ఆశ పెట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఏ కారు అమ్మారన్నదానికంటే ఎందుకు అమ్మారన్నది ఎక్కువ బాధపెడుతుంది. నేను చూసినంతలో అందరికంటే ఎక్కువ కుమిలేది ఒక రిపేరుకు భయపడి అమ్మినవాళ్లు.

పోర్షే 911లో 996 అనే తరం ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటి ఉంటుంది. అది విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. నిజమే. అయితే పోయింది కొన్ని బండ్లలోనే. టర్బో, జీటీ3లలో ఉన్న ఇంజిన్ వేరే రకం, వాటికి ఆ గొడవే లేదు. మిగతావాటిలో కూడా క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించినప్పుడు ఆ బేరింగ్ చేతికందుతుంది, చాలా ఇంజిన్లలో అప్పుడే కొత్తది వేయించుకోవచ్చు. ఇంటర్నెట్‌లో చదివిన కథలకు జడిసి, మెకానిక్‌కు ఒక్కసారైనా చూపించకుండా వచ్చినకాడికి అమ్మేసినవాళ్లు ఎందరో. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3ది కూడా అదే కథ. వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ అనే చట్రం బిగించే చోట నేల రేకు పగుళ్లివ్వడం దాని జబ్బు. పగుళ్లు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే బలం కోసం అదనపు ప్లేట్లు వెల్డింగ్ చేస్తారు, అక్కడితో ఆ బెడద తీరుతుంది. టెన్షన్‌తో అమ్మినవాడు రిపేరు చేయించని బండి ధరకు అమ్ముతాడు. కొన్నవాడు ప్లేట్లు వేయించి ఇరవై ఏళ్లు తిరుగుతాడు. పాత ఓనరు అది చూసి పళ్లు కొరుక్కుంటాడు.

మీ క్లచ్ సంగతి చదవగానే నాకు వీళ్లే గుర్తొచ్చారు.

ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చిన కారు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నాన్న నడిపిన బండికి బదులు అదే మోడల్, అదే రంగు కొన్నా అది నాన్న బండి కాదు. అక్కడ లెక్కలేవీ పనిచేయవు. అది మీ విషయంలో లేదు కాబట్టి ముందుకు వెళ్దాం.

మళ్లీ కొనుక్కోవచ్చు కదా అని కొందరు ధైర్యం చెప్తారు. జరగకపోదు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ దగ్గర జాగ్వార్ ఎక్స్‌కేఎస్ఎస్ ఉండేది. రేసు కారు డీ-టైప్‌ను రోడ్డుకు తగ్గట్టు మార్చి చేసిన బండి అది. 25 చేయాలనుకున్నారు గానీ 1957 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తగలబడి 16 మాత్రమే బయటికొచ్చాయి. ఆయన దాన్ని 1960ల చివర్లో బిల్ హారా అనే కార్ల సేకర్తకు అమ్మి, తర్వాత మనసొప్పక 1970ల చివర్లో తిరిగి కొనుక్కున్నాడు. 1980లో చనిపోయేదాకా అది ఆయన దగ్గరే ఉంది. ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో పీటర్సన్ మ్యూజియంలో ఉంది. ఆయనకు ఎందుకు కుదిరింది? కారు ఎవరి దగ్గరుందో తెలుసు, అది అక్కడ భద్రంగా ఉంది, కొనే స్తోమత ఉంది.

మామూలు మనుషులకు ఈ మూడూ కలవడం కష్టం. తిరిగి కొన్న పాత బండిని నా దగ్గరికి తెచ్చినవాళ్లలో చాలామంది ముఖం చిన్నబోవడమే చూశాను. మధ్యలో ఎవరో సస్పెన్షన్ దించేశారు, ఎవరో చౌక టర్బో తగిలించారు, ఇంకెవరో గుద్ది పుట్టీ పెట్టి రంగు కొట్టించారు. ఛాసిస్ నంబరు తప్ప ఏదీ మిగలదు. జపాన్ స్పోర్ట్స్ కార్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ, ఎందుకంటే వాటిని కొనేదే మార్పులు చేయడానికి. అలా అని ఎప్పుడూ నిరాశేనని కాదు. సర్వీసు కాగితాలన్నీ జాగ్రత్త చేసే మనిషికి అమ్మినవాళ్లకు బండి బాగానే తిరిగొచ్చింది.

ఇంకో మాట, ఇది మన మనసు చేసే మాయ గురించి. 1990లో కానమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కాఫీ కప్పులతో ఒక ప్రయోగం ప్రచురించారు. కప్పు చేతికిచ్చినవాళ్లు అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి సిద్ధపడ్డ ధరకు సుమారు రెట్టింపు. కొన్ని నిమిషాల ముందు ఇచ్చిన కప్పే అంత ప్రియమైతే ఏళ్ల తరబడి నడిపిన కారు సంగతి చెప్పాలా? కాబట్టి అమ్మే ముందు కడుపులో దేవినట్టు ఉండటం తర్వాత బాధపడతారనడానికి రుజువు కాదు. అమ్మాక చేదు జ్ఞాపకాల ఘాటు తీపి జ్ఞాపకాలకంటే త్వరగా తగ్గుతుంది. వానకు లోపలికి కారిన నీళ్లు, చలికాలం ఉదయాన మొరాయించిన రెండో గేరు, సామాను పట్టని డిక్కీ అన్నీ మరుగున పడి, కొండ మలుపుల్లో ఇంజిన్ పాడిన ఆ ఒక్క సాయంత్రమే మిగులుతుంది. పాత కార్ల గురించి జనం చెప్పేదంతా ఈ వడపోత తర్వాత చెప్పేదే. అలాగని అబద్ధమని కాదు, కాస్త తగ్గించుకుని వినండి.

ఇప్పుడు మీ బండి. ఎస్2000 1999 నుంచి 2009 దాకా వచ్చింది, మొత్తం సుమారు 1,10,000 చేశారు. అంకె చూస్తే అరుదు కాదు. కానీ మీది మొదటి రకం రెండు లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, 9,000 దాకా తిరుగుతుంది, ఆరు వేలు దాటితే గానీ అసలు రంగు బయటపడదు. తర్వాత వచ్చిన 2.2 లీటర్ల రకం అంత పైకి తిరగదు. హోండా దీనికి వారసుణ్ణి తేలేదు, వేరే కంపెనీ దగ్గరా అలాంటి చిన్న ఇంజిన్‌తో ఓపెన్ టాపు కారు కొత్తది దొరకదు. గుద్దకుండా, విప్పకుండా, మార్చకుండా మిగిలినవి ఏటికేడు తగ్గిపోతున్నాయి. కాబట్టి చోటు నింపే కారు లేని కోవలోకే మీది వస్తుంది. మీ స్నేహితులు చెప్పే కారణం తప్పు గానీ చెప్పే మాట పూర్తిగా తప్పు కాదు.

అయినా ఉంచుకోమని గుడ్డిగా చెప్పను. ఆరుబయట కవరు కప్పి పడేయాల్సి వస్తే అమ్మేయండి. నిలబెట్టిన కారు నడిపిన కారుకంటే త్వరగా చెడుతుంది. బ్యాటరీ చస్తుంది, డిస్కులు తుప్పు పడతాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది, టైర్లు అరగకుండానే గట్టిపడతాయి. కవరు కింద చేరిన తేమ, ఎలుకలు మిగతా పని పూర్తిచేస్తాయి. నాలుగేళ్లు అలా ఉంచి, తర్వాత అమ్మకానికి పెట్టే బండ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. దానికంటే నడిపేవాడి చేతిలో పెట్టడం నయం. ఇంటి అవసరాలకు వేరే కారు కొనడానికి ఈ డబ్బే ఆధారమైతే కూడా అమ్మండి, వెనుతిరిగి చూడకండి. అవసరానికి అమ్మినవాళ్లు దిగులు పడతారు గానీ తమను తాము తిట్టుకోవడం నేను పెద్దగా చూడలేదు.

పైకప్పున్న చోటు అద్దెకు దొరికి, ఇంటి అవసరాలకు వేరే కారు సర్దుకోగలిగితే మాత్రం రెండేళ్లు ఆగమంటాను. బిడ్డ పుట్టిన మొదటి ఏడాది నిద్రలేని కళ్లతో తీసుకునే నిర్ణయాలను నేను నమ్మను. ఆ రెండేళ్లలో చేయాల్సింది ఎక్కువేం లేదు. బ్యాటరీకి నిదానంగా ఛార్జి ఎక్కించే మెయింటెయినర్ పెట్టండి. ట్యాంకు నింపి, పెట్రోలు చెడకుండా కలిపే స్టెబిలైజర్ పోయండి. రెండు మూడు వారాలకోసారి బయటికి తీసి ఆయిల్ బాగా వేడెక్కేదాకా నడపండి. చోటు కదలకుండా ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం మంచిదనుకుంటారు చాలామంది, అది చెరుపే. ఇంజిన్‌లో చేరిన నీటి ఆవిరి బయటికి పోదు, ఆయిల్‌లోనే కలుస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది కాబట్టి కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి మార్చండి. టైరు పక్క భాగం మీద డాట్ (DOT) అని ఉండే కోడు చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరుగుదల చూసి మోసపోకుండా ఆ తేదీ చూసుకోండి.

ఉంచినా, అమ్మినా క్లచ్ మాత్రం ముందే వేయించండి. క్లచ్ జారుతున్న బండిని చూసి కొనేవాడు క్లచ్ ఖర్చు ఒక్కటే తగ్గించడు, ఇంకా ఏమేం దాచారోనని అనుమానపడి దానికీ కలిపి తగ్గిస్తాడు. పైగా కొత్త క్లచ్‌తో ఓ నెల నడిపాక మీకే తెలుస్తుంది, విసుగు బండి మీదా, ఆ రిపేరు మీదా అని.

అమ్మాలనే తేలితే ఎక్కువ ధర చెప్పినవాడికి కాకుండా సర్వీసు పుస్తకం తెరిచి చదివినవాడికి ఇవ్వండి. కాస్త తక్కువొచ్చినా సరే. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసిపెట్టుకోండి, బిల్లులన్నింటికీ కాపీలు తీసుకుని అసలువి బండితో పంపండి. మళ్లీ అమ్మేటప్పుడు ముందు నాకే చెప్పాలని ఒక కాగితం మీద రాయించుకోండి. కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది తర్వాత సంగతి, మీ పేరు, నంబరు ఆ బండి కాగితాల్లో ఉంటే ఫోన్ వచ్చే అవకాశముంటుంది.

టాపుకు తొందరలేదు, టేపు వేసి నడిపించవచ్చు. కానీ టాపు అంచున పడ్డ నీళ్లు కిందికి పోయే గొట్టాలు రెండు వైపులా ఉంటాయి, వాటిని ఈ వారమే శుభ్రం చేయించండి. అవి పూడుకుంటే నీళ్లు సీట్ల వెనక చేరతాయి, కార్పెట్ ఎత్తి చూసేదాకా తెలియదు.